గురి కుదిరింది... గిరాకీ ఏదీ?

గుంతకల్లు పెద్దాయన ఒకరికి జోడుగొట్టాల తుపాకీ మొహం మొత్తిందట. మైలు అవతల గురి తగిలే రైఫిలే కావాలంటున్నాడు. మోజుపడ్డది అమెరికా బ్యారెట్ మీద. 14 కిలోల బరువు, 1,800 మీటర్ల దాకా దెబ్బ, తూటా ఒక్కటే నాలుగైదు డాలర్లు. నల్లరేగడి చేలల్లో అడ్డం చెట్టయినా ఉండదు కాబట్టి చోటుకు కొదవలేదు. కొదవంతా చట్టంలోనే.

మామూలు పౌరుడికి పాయింట్ 303 బోరు రైఫిలు కూడా నిషిద్ధమే. పాయింట్ 315తో సరిపెట్టుకోవాలి. 2019 సవరణతో మనిషికి మూడు తుపాకులు కాస్తా రెండయ్యాయి. పెళ్లి ఊరేగింపులో సరదాకు గాల్లోకి పేల్చి ఎవరి ప్రాణం మీదికైనా తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

పోనీ, కొట్టేది దేన్నప్పా? పప్పుశనగ మేసే కృష్ణజింకనా? 1998లో దాన్ని వేటాడిన కేసు సల్మాన్ ఖాన్‌ను ఏళ్లతరబడి కోర్టుల చుట్టూ తిప్పింది. అప్పు నోటీసు తెచ్చే బ్యాంకాయన రెండడుగుల దూరంలోనే నిలబడతాడు, మైలు రైఫిలు దేనికి? ముఖం చాటేసే మబ్బుకేమో తూటా అందదు.

అసలు ఠీవి చూపాల్సింది ఎన్నికలప్పుడు. తీరా ఎన్నికల కోడ్ కూయగానే తుపాకీని పోలీసు స్టేషన్లో అప్పగించమంటారు. పోయినసారి పెద్దాయన ఆ రసీదునే చొక్కా జేబులో సగం బయటికి కనపడేలా పెట్టుకుని ప్రచారానికి తిరిగాడు.