అరకు పద్యానికి అల్లుడి టీక

అవతారిక

వేసవి సెలవులకు మనవలంతా విశాఖ చేరాక ఒక రాత్రి పది దాటిన వేళ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఈ పద్యం వెలువడింది. కవి మా మామగారు, రిటైరైన తెలుగు పండితులు. టీకాకారుణ్ణి నేను, ఆ ఇంటి పెద్దల్లుణ్ణి. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మెదక్ దగ్గరి కొల్చారం అంటారు. మూలంలో లేనిది రాయనని ఆయన నియమం. ఆ నియమం నాకు కుదరదు. ఈ పద్యంలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ.

మూలము (ఆటవెలది)

ఆరు కొట్టులోన నందరున్ రావలెన్
మూటయొకటి చాలు, ముందె చెపితి
ఫోనులన్ని వదలి పోవలెన్ గుహలకున్
అరకు రైలు మనకు నాటవిడుపు

ప్రతిపదార్థము

ఆరు కొట్టులోనన్ = గడియారం ఆరు కొట్టేలోగా, అనగా అయిదున్నరకే; అందరున్ = కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు, అల్లుళ్లు, మనవలు; రావలెన్ = స్టేషనుకు చేరవలెను; మూట = సామాను; ఒకటి = ఒక్కటే; చాలు = సరిపోవును; ముందె చెపితి = తరువాత నన్ననవద్దు; ఫోనులు = చరవాణులు; అన్ని = కవిగారిది కాక తక్కినవన్నియు; వదలి = ఇంట పడవేసి; గుహలకున్ = బొర్రా గుహలకు; పోవలెన్ = వెళ్లవలెను; అరకు రైలు = కిరండూల్ ప్యాసింజరు; మనకున్ = ఈ పదం వివాదాస్పదము, విశేషాంశములు చూడుడు; ఆటవిడుపు = బడిపిల్లలకు దొరికే విరామము.

తాత్పర్యము

ఓ కుటుంబసభ్యులారా! తెల్లవారుజామునే లేచి, తక్కువ సామానుతో, ఫోన్లు లేకుండా స్టేషనుకు రండి. రైల్లో కొండలెక్కి, గుహలు చూసి, హాయిగా తిరిగి వద్దాం. టిక్కెట్లు కోడలు తీసింది, పద్యం నేను తీశాను.

విశేషాంశములు

మొదటి పాదం: రైలు కదిలేది ఏడుకు కాస్త ముందు. కవి ఆరే అనడం అతిశయోక్తి కాదు, అనుభవం. మా ఇంట్లో “బయల్దేరిపోయాం” అంటే స్నానానికి వెళ్తున్నామని అర్థం. “ఆటో ఎక్కేశాం” అంటే చెప్పులు వెతుకుతున్నామని.

రెండో పాదం: “మూటయొకటి” అన్నచోట సంశయం. మనిషికి ఒకటా, కుటుంబానికి ఒకటా? కవి తేల్చలేదు. అత్తయ్యగారి మతంలో తిండి సామాను కిందికి రాదు. కనుక పులిహోర గిన్నె, పెరుగన్నం కేరేజీ, జంతికల డబ్బా, నీళ్ల క్యాను, అరటిపళ్ల అత్తం లెక్కలోకి రావు. పేకముక్కలు, దుప్పటి, చంటివాడి గుడ్డలు “చేతిసంచి” అనే వేరే జాతికి చెందుతాయి. తీరా చూస్తే ఒక్క మూటతో వచ్చినది కవిగారే. అందులో పంచాంగం, కళ్లజోడు డబ్బా ఉన్నాయి.

మూడో పాదం: వ్యాకరణంలో ఉత్సర్గానికి అపవాదం ఉన్నట్టు ఈ నిషేధానికీ ఉంది. టిక్కెట్లు కోడలి ఫోన్లో ఉన్నాయి కాబట్టి అది రావలసిందే. పెద్దకొడుకు ఫోను ఆఫీసువాళ్లు పిలిస్తే ఎత్తక తప్పదని వచ్చింది. కవిగారిది టైము చూసుకోవడానికి వచ్చింది, వారి చేతికి గడియారం ఉన్నప్పటికీ. కవి ఆజ్ఞ చివరికి నెగ్గించినవి సొరంగాలు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ మార్గంలో 58 సొరంగాలున్నాయని లెక్క. శృంగవరపుకోట, బొద్దవర దాటి బండి కొండెక్కడం మొదలెట్టాక అవి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. సిగ్నలు పోతుంది. పెట్టె చీకటవుతుంది. పిల్లలు గొంతులు చించుకుని కేకేస్తారు, పెద్దలు వారిస్తున్నట్టు నటిస్తూ తామూ కేకేస్తారు.

త్యాడ దాటాక ఒక పొడుగాటి సొరంగంలో డబ్బా మూత “టక్”మన్న చప్పుడయింది. వెలుగొచ్చేసరికి జంతికల డబ్బా తెరిచి ఉంది, చుట్టూ అందరి ముఖాలూ అమాయకంగా ఉన్నాయి. మామగారు కిటికీలోంచి లోయ సౌందర్యాన్ని తదేకంగా చూస్తున్నారు. మీసం మీద నువ్వుగింజ. మనవరాలు ఏమీ అనకుండా తన చేతిరుమాలు అందించింది. వారు ఏమీ అనకుండా తుడుచుకున్నారు.

“గుహలకున్” అని మూడో పాదం, “అరకు” అని నాలుగో పాదం చెప్పడంతో ఎక్కడ దిగాలన్న తగువు లేచింది. చివరికి బొర్రా గుహలు స్టేషన్లో దిగి, అక్కణ్ణుంచి జీపులో అరకు పోవడమని సమన్వయం కుదిరింది. దానివల్ల శిమిలిగుడ స్టేషను చూసే భాగ్యం పోయింది. సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషను చాలాకాలం దేశంలో బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదని పేరు పొందింది.

గుహల్లో మాకు మరో టీకాకారుడు దొరికాడు, గైడు. నీళ్లు సున్నపురాయిని కరిగిస్తూ, బొట్టుబొట్టుగా పేరుస్తూ యుగాల తరబడి చేసిన ఆకారాలవి. అతను టార్చి వేసి ఇది శివపార్వతులు, ఇది ఋషిగడ్డం, అది మొసలి అని తేల్చేస్తున్నాడు. మూలం రాయే అయినా వ్యాఖ్య దేవుణ్ణి చేయగలదు. మొసలి దగ్గర అత్తయ్యగారు ఆగి, “మొసలేంటి బాబూ, పండిన పనసకాయ అయితేనూ” అన్నారు. మనవలందరూ ఆ పాఠాన్నే స్వీకరించారు. గైడు కాసేపు టార్చి అటే వేసి చూసి, తనూ తలూపాడు.

నాలుగో పాదం: “మనకున్” అన్న పదానికి రెండు ఆక్షేపణలు.

పూర్వపక్షము: ఈ రైలుమార్గం మనకోసం వెయ్యలేదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాను పంపడానికి 1960లలో, జపాను సహకారంతో వేశారు. నేటికీ ఖనిజం నింపుకున్న గూడ్సు దిగుతుంటే ప్యాసింజరు పక్కన నిలబడి దారివ్వాల్సి వస్తుంది. అలాంటప్పుడు అరకు రైలు “మనకు” అనడం ఎలా చెల్లుతుంది?

సమాధానము: చెల్లుతుంది. బరువు మోయడానికి వేసిన పట్టాల మీద వేడుక చూడబోయేవాళ్లు ఎక్కితే రైలుకు దోషం లేదు.

ఇక రెండో ఆక్షేపణ గట్టిది. పద్యంలో రావడం ఉంది, వదలడం ఉంది, పోవడం ఉంది, చెప్పడం కూడా ఉంది. వండటం లేదు, సర్దటం లేదు, మోయటం లేదు. ఆ క్రియలు లేనప్పుడు వాటి కర్త ఎక్కణ్ణుంచి వస్తుంది? అధ్యాహారం చేసుకోవాలి. అంటే, చెప్పని పదాన్ని టీకాకారుడు బయటినుంచి తెచ్చి చేర్చాలి. ఇక్కడ చేర్చవలసింది “అత్తయ్యగారిచేత” అన్న పదం. రాత్రి పదింటికి పద్యం వచ్చింది. అది చదివి అందరం బొటనవేలి బొమ్మలు పెట్టి పడుకున్నాం. ఆవిడ చింతపండు నానబెట్టారు. మూడింటికి వంటింట్లో దీపం వెలిగింది. ఆటవిడుపు మనకు దొరికింది నిజమే, ఆ “మన”లో ఆవిడ లేరు.

సిద్ధాంతము: కుటుంబమంతా కలిసి ఎక్కడికైనా వెళ్లామంటే ఆ ముందురాత్రి ఒకరు ఒంటరిగా మేలుకున్నారని లెక్క. ఆ ఒకరికి దొరకని ఆటవిడుపును “మనకు” అనడం వ్యాకరణానికి ఒప్పేమోగాని న్యాయానికి తప్పు. ఇది గ్రహించి మధ్యాహ్నం అరకులో అందరం ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, పులిహోర మేమే వడ్డించాం. బొంగులో చికెన్ కొని బొంగు చీల్చే పని అల్లుళ్లకు అప్పగించారు. వేళ్లు కాలినా వెనక్కి తగ్గలేదు.

పాఠాంతరము

తిరుగు ప్రయాణం అనంతగిరి ఘాట్ రోడ్డున జీపులో. నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్కలు, ఆ చెట్ల మొదళ్లకు అల్లుకున్న మిరియాల తీగలు. పిల్లలు ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు. అత్తయ్యగారు ఉన్నట్టుండి, “ఏమండీ, మీ పద్యంలో రెండో పాదం బాగాలేదు, ఇలా మార్చుకోండి” అన్నారు.

మూట మీరె కట్టి మోసి రండు

జీపులో నిశ్శబ్దం. మామగారు వేళ్ల మీద గణాలు లెక్కపెట్టారు. అయిదు సూర్యగణాలు సరిపోయాయి. యతి చూశారు. “మూ”కు “మో” చెల్లింది. తప్పు పట్టడానికి పండితుడికి సందు దొరకలేదు. ఛందస్సు ఒప్పుకున్నాక కవి ఒప్పుకోక తప్పదు. అందువల్ల వచ్చే వేసవి నుంచి గ్రూపులో ఈ పాఠమే ప్రామాణికమని, చింతపండు నానబెట్టే భారం కవిగారిదని, ఎసరు పెట్టే భారం టీకాకారుడిదని తీర్మానమైంది.