వైజాగ్ మొత్తం రెండు రోజుల్లో కవర్ చేయడం ఎలా?

ముందు ఓ తెల్లకాగితం తీసుకోండి. వైజాగ్ వెళ్లొచ్చిన చుట్టాలందరికీ ఫోన్ చేసి, ఎవరు ఏ పేరు చెప్తే ఆ పేరు రాసుకోండి. ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, జూ, సింహాచలం, రుషికొండ, తొట్లకొండ, భీమిలి, బొర్రా గుహలు, అరకు. ఏదీ కొట్టేయొద్దు. మీ తోడల్లుడు చూసినదేదో మీరు చూడకుండా వచ్చారని తెలిస్తే, వచ్చే పెళ్లిలో పదిమంది ముందు ఆ మాట పడాల్సింది మీరే.

వెళ్లడానికి మే నెల శ్రేష్ఠం. డిసెంబరు, జనవరిల్లో గాలి హాయిగా ఉంటుంది, అరకులో పొద్దున్నే మంచు పడుతుంది. ఆ హాయికి మరిగితే మనిషి ఎక్కడ కూర్చుంటే అక్కడే ఉండిపోతాడు, లిస్టు ముందుకు కదలదు. మేలో ఉక్కకి ఎక్కడా పది నిమిషాలు నిలబడలేరు కాబట్టి పని చకచకా సాగిపోతుంది.

హోటల్ పేరులో ‘సీ’ అని ఉంటే చాలు, ఇంకేమీ అడగొద్దు. ఆర్టీసీ కాంప్లెక్స్ వెనక సందులో ఉన్నా పర్లేదు. కిటికీ తీస్తే పక్క బిల్డింగు వాళ్ల ఏసీ డబ్బా కనిపిస్తుంది, కనిపించనీయండి. సముద్రం ఎక్కడికీ పారిపోదు.

హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చారనుకుందాం. అది తెల్లారుతూనే దింపేస్తుంది. ఆ వేళకి బీచ్ రోడ్డు మీద ఊళ్లోవాళ్లంతా వాకింగ్‌లో ఉంటారు. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లలోంచి చేపలు దించి వేలం పాడుతుంటారు. మీరు మాత్రం ఇవేమీ పట్టించుకోకుండా తిన్నగా గదికెళ్లి తొమ్మిదింటిదాకా పడుకోండి. హార్బర్‌లో వాసన కూడానూ. చేపలంటే అంత ఇష్టమైతే రాత్రికి ఏసీ హోటల్లో హైదరాబాద్ వాళ్లు కనిపెట్టిన అపోలో ఫిష్ తెప్పించుకోండి.

సముద్రంలో సూర్యుడు మునిగే దృశ్యం కోసం సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లండి. కెమెరా సిద్ధంగా పెట్టుకుని తూర్పుకి తిరిగి నిలబడండి. ఆయన మీ వెనకాల సింహాచలం కొండలవైపు దిగిపోతుంటాడు, మీరు వెనక్కి తిరగొద్దు. చీకటి పడ్డాక “ఛ, ఇవాళ మబ్బు పట్టింది” అనుకుని మురీ మిక్చర్ కూడా తినకుండా వచ్చేయండి. తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేవడమే తప్ప అందులో మునగడం ఉండదని ఎవరైనా చెప్తే, మీరు గోవాలో చూశారని చెప్పండి.

ఇక్కడ ఒక్క నిమిషం నా తెలివితేటలు పక్కన పెడతాను. ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగి ఈత కొట్టొద్దు. ఒడ్డున నాలుగడుగులు వేసేసరికే లోతు వచ్చేస్తుంది, వెనక్కి లాగే అల కాళ్ల కింద ఇసుకని కూడా లాగేస్తుంది. ఏటా పిల్లలు పోతున్నారు. లైఫ్‌గార్డు ఈల వేస్తే బయటికి వచ్చేయండి. ఇది నిజంగా చెప్తున్నా. సరే, మళ్లీ సలహాల్లోకి వద్దాం.

కురుసుర సబ్‌మెరైన్‌కి సోమవారం వెళ్లండి. ఆ రోజు సెలవు. జూకీ సోమవారమే సెలవు. ఒకే పూట రెండు గేట్ల ముందు రెండు ఫొటోలు దిగి రెండు టిక్కులు పెట్టేసుకోవచ్చు, టికెట్ డబ్బులు కూడా మిగులుతాయి. ఖర్మ కాలి ఆదివారం వెళ్లారా, ఇక లోపలికి దిగక తప్పదు. 1969లో నేవీలో చేరి, 1971 యుద్ధం చూసి, 31 ఏళ్లు పనిచేసి 2001లో రిటైరైన ఓడ అది. మరుసటేడు ఇసుకలోకి లాగి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు, నడవ మాత్రం ఒక మనిషి పట్టేంత. డెబ్బై మందికి పైగా మనుషులు నెలల తరబడి ఆ ఇరుకులోనే వండుకుని, తిని, టార్పెడోల పక్కనే వంతులవారీగా పడుకున్నారు. ఇదంతా వింటూ నిలబడితే టైమ్ పోతుంది. అక్కడ నేవీలో చేసి వచ్చిన పెద్దాయన ఎవరైనా ఏదో చెప్పబోతే, “అంకుల్, ఫొటోకి అడ్డం వస్తున్నారు, కొంచెం జరగండి” అనండి. నాలుగు నిమిషాల్లో ఆ కొసన తేలతారు.

కైలాసగిరికి సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకి బయల్దేరండి. ఆటో అతను “ఇప్పుడెందుకండి బాబూ, ఎండ మండిపోతంది, సాయంత్రం ఎల్దురుగాని” అంటాడు. వాడికి బేరం కుదరక అలా అంటున్నాడని గ్రహించండి. పైన శివపార్వతుల విగ్రహాల ముందు కుటుంబమంతా వరసగా నిలబడాలి. అక్కణ్ణుంచి ఒడ్డు వంపు తిరుగుతూ ఊరి మీదుగా పోవడం కనిపిస్తుందంటారు. అది ఫొటోలో రాదు, వదిలేయండి.

సింహాచలం అప్పన్న ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ ఒక్కరోజే. వెళ్తే ఆ రోజే వెళ్లాలి. కారు కిందే ఆపించి “అరగంటలో వచ్చేస్తాం, ఇంజిన్ ఆపొద్దు” అని డ్రైవర్‌కి చెప్పండి.

భీమిలి రోడ్డు మీద పనికిరానివి బోలెడున్నాయి. తొట్లకొండ మీద రెండువేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం, వాననీళ్లకి రాతిలో తొలిచిన తొట్లు. కూలిపోయినవాటికి కొండెక్కడమెందుకు? ఎర్రమట్టి దిబ్బలు సినిమా పాటల్లో చూసేశాం. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, శుభమా అంటూ ఊరు చూడ్డానికి వచ్చి సమాధులేమిటి. రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. కారు అద్దం దించి ఆ జెండా ఎగురుతోందో లేదో చూసుకుంటే సరిపోతుంది.

రెండో రోజు అరకు. పొద్దున ఏడు కాకముందే కిరండూల్ వెళ్లే రైలు ఉంటుంది. 58 సొరంగాలు, 84 వంతెనలు దాటుకుంటూ, అద్దాల పెట్టెతో సహా, తాపీగా కొండలెక్కుతుంది. తాపీగా వెళ్లేవి మనకెందుకు? పదింటికి టిఫిన్ చేసి కారు మాట్లాడుకోండి. 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు, మలుపు మలుపుకీ పిల్లలకి వాంతులు. దారిలో బొర్రా గుహల దగ్గర గోస్తనీ నది వస్తుంది. అదే నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒకే నదిని రెండుసార్లు చూడటం దండగ కనుక, భీమిలి దగ్గర ఆగలేదన్న బాధ ఇక్కడితో తీరిపోతుంది. అరకులో కాఫీ పండుతుంది, అందుకని టీ అడగండి. రోడ్డు పక్క వెదురు గొట్టాల్లో కాలుస్తున్న బొంగు చికెన్ వాసన వచ్చినా లొంగొద్దు. ముందుకెళ్తే గోబీ మంచూరియా దొరుకుతుంది.

ఊరెళ్తూ ఏదో ఒకటి కొనాలి కదా. ఏటికొప్పాక లక్క బొమ్మలని ఉంటాయి. అంకుడు కర్రని తరిణె పట్టి, ఆకులూ గింజల రంగులు లక్కలో కలిపి అద్దుతారు. ఇంటి షోకేసులో అవి మరీ సాదాగా కనిపిస్తాయి. బీచ్‌లో మీ పేరు చెక్కి ఇచ్చే శంఖం తీసుకోండి. శంఖం ఎక్కడిదని అడగొద్దు.

తిరుగు ప్రయాణానికి గోదావరి సాయంత్రం ఐదు దాటాక కదులుతుంది. అరకు నుంచి కారు వెనక్కి రావడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. మీరు అరకు చేరేసరికే రెండవుతుంది. మిగతా లెక్క డ్రైవర్ చూసుకుంటాడు, మీరు పది నిమిషాలకోసారి “ఇంకెంత దూరం?” అని అడుగుతూ ఉండండి. రైలు తప్పిపోతే కంగారు పడొద్దు. ఇంకో రోజు ఉత్తినే చేతికొచ్చింది కదా అని ఎవరైనా బీచ్ మాటెత్తితే మాత్రం కసురుకోండి. లిస్టు పూర్తయిపోయింది. మర్నాటి రైలుదాకా వెయిటింగ్ రూములో ఫ్యాన్ కింద చోటు చూసుకోండి.