ప్రశ్న కాదు, చిన్న పరిశీలన

సెప్టెంబరు 15 దగ్గరపడితే మా ఇంజనీర్లకు జ్ఞానం మీద ఆకలి పుడుతుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పుట్టినరోజు కదా, ఆ వారమంతా ఎక్కడో ఒకచోట సాంకేతిక ప్రసంగం, చివర హై టీ. ఆహ్వానపత్రంలో ప్రసంగాంశం చిన్న అక్షరాల్లో, హై టీ బొద్దు అక్షరాల్లో ఉంటాయి. వేసినవాడికి మనం బాగా తెలుసు.

హైదరాబాదు సభల్లో ఆయన పటం ఊరికే పెట్టరు. 1908 సెప్టెంబరులో మూసీ నగరాన్ని ముంచేశాక నిజాం ప్రభుత్వం పిలిపించింది ఆయన్నే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు ఆయన సలహా ఫలమే. సమయపాలనకూ ఆయన పెట్టింది పేరు. అయిదున్నర సభ ఆరుంబావుకు మొదలవుతుంటే ఆ తలపాగా వైపు తలెత్తి చూడ్డానికి నాకు మొహం చెల్లదు.

ఓసారి అలాంటి సభలోనే, ముందు జ్యోతి ప్రజ్వలన. వత్తి వెలిగించడం, ఏసీ గాలికి అది ఆరిపోవడం. నలుగురు రిటైర్డ్ చీఫ్ ఇంజనీర్లు చేతులు అడ్డుపెట్టారు. నూనె చాల్లేదన్నారొకరు, గాలి దిశ లెక్కగట్టారింకొకరు. ఏసీ ఆపమని మాత్రం ఎవరూ అనలేదు. అందరూ సివిల్ వాళ్లు, అది ఎలక్ట్రికల్ వాళ్ల శాఖ.

ఆనాటి అంశం నగరంలో వాననీటి కాలువల డిజైన్. వక్త కుర్రాడే అయినా బాగానే చెప్పాడు. నూరేళ్ల వరదంటే నూరేళ్లకోసారి వచ్చేది కాదని, ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక పాలు అవకాశం ఉన్నదని వివరిస్తుండగా ముందు వరసలో ఒక పెద్దాయన లేచాడు. ఎనభై దాటిన మనిషి. “ఇది ప్రశ్న కాదండీ, చిన్న పరిశీలన,” అన్నాడు. ఆ మాట వినపడగానే అనుభవజ్ఞులు కుర్చీల్లో వెనక్కి వాలిపోయారు. పరిశీలన నాగార్జునసాగర్ పునాదుల దగ్గర మొదలైంది. 1967లో కాలువలకు నీళ్లు వదిలే ఘట్టం ఇంకా చాలా దూరంలో ఉండగానే వాచ్‌మన్ తలుపు తోసుకుని వచ్చాడు.

“సార్, సెల్లార్ల నీళ్లొస్తున్నయ్. బండ్లు తీస్కోండ్రి.”

జ్ఞానసభ మొత్తం మెట్లు దిగింది. కింద మోకాలి లోతు. ఒకాయన రన్నాఫ్ కోఎఫిషెంట్ అంటాడు, ఒకాయన కాంట్రాక్టరు కులగోత్రాలు అడుగుతాడు. పెద్దాయన ప్యాంటు మడిచి, చేతికర్రతో నేల తడుముకుంటూ పోయి మూలన జాలీ పట్టుకున్నాడు. దాన్ని మూసిన ఫ్లెక్సీని పైకి లాగితే కిందటేటి మన సభదే: ‘వరద నివారణలో ఇంజనీర్ల పాత్ర’. నీళ్లు గుడగుడమంటూ దిగడం మొదలైంది. “అసలు తప్పిది కాదు బాబూ,” అని వక్తను ర్యాంపు దగ్గరికి తీసుకెళ్లాడు. “మొదట్లో చిన్న గట్టు ఎత్తి, అక్కణ్నుంచి వాలు దించాలి. ఇది రోడ్డు మట్టం నుంచే దిగింది. రోడ్డు నీళ్లకు ఎదురెళ్లి స్వాగతం చెప్పినట్టుంది.” తను కట్టినవాటిలో ఏది కుంగిందో, ఎందుకు కుంగిందో కూడా అక్కడే చెప్పుకొచ్చాడు. వేదిక మీద ఇలాంటివి ఎవరూ చెప్పరు. అక్కడ అన్నీ విజయవంతమైన ప్రాజెక్టులే. కుర్రాడు ఆహ్వానపత్రం వెనక బొమ్మ గీసుకున్నాడు.

పైకొచ్చేసరికి సమోసాలు చల్లారాయి. బండి తీసుకుని అటునుంచటే ఇంటికి వెళ్లిపోయినవాళ్లతో సహా అందరికీ, చురుగ్గా పాల్గొన్నందుకు సర్టిఫికెట్లు వచ్చాయి. పెద్దాయనకు రాలేదు. రిజిస్ట్రేషన్ చేయించుకోలేదట.