ఎనిమిది యూనిట్ల గుహ

భీమవరానికి సొంత రాయి లేదు. రైలుపట్టాల కింద కంకరైనా, ఇంటి ముందు మెట్టయినా, పెరట్లో రుబ్బురోలైనా ఎక్కడో మెట్టప్రాంతం నుంచి బండెక్కి వచ్చినదే. ఇక్కడ గునపం వేస్తే మొదటి పోటుకి నల్లమట్టి, నాలుగో పోటుకి నీళ్ళు. పేరున్న రాయి అంటే గునుపూడి సోమేశ్వరస్వామి ఒక్కరే. ఆయన కూడా పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా మారతారంటారు. అంటే మా నేల మీద రాయి కూడా ఒక్క రంగు మీద నిలబడదన్నమాట. ఇలాంటి చోట కూర్చుని, కొండని చేత్తో తొలిచి గుహ చేసుకోవాలని ప్లాను వేసినవాడు మా బాబాయి.

బాబాయి అన్నాను గానీ, ఈ సరుకు ప్రతి పేటలోనూ ఒకటుంటుంది. ఉన్న నాలుగెకరాలూ రొయ్యల చెరువుకి లీజుకిచ్చేస్తారు. డబ్బు నడిచి ఇంటికొస్తుంది. పొలం మాత్రం పోతూ పోతూ పనిని కూడా వెంట తీసుకుపోతుంది. ఇక మిగిలేది ఉతికిన తెల్లలుంగీ, జేబులో రెండు పెన్నులు, ఒక పొడుగాటి నోటుబుక్కు, తెల్లారిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎవరూ అడగని కాలం. ఆ కాలాన్ని కొందరు పేకాటలో పెడతారు. కొందరు సంక్రాంతి పుంజుకి బాదంపప్పు తినిపించడంలో పెడతారు. మా బాబాయి జాతివాళ్ళు ప్లాన్లలో పెడతారు.

వెక్కిరించడం తేలిక. నేను వెక్కిరించను, కారణముంది. 1990ల్లో ఊరంతా టైగర్ రొయ్య వెంట పడినప్పుడు బాబాయి కూడా చెరువుకి ప్లాను వేశాడు. తూము ఏ మూల పెట్టాలా అని రెండేళ్ళు ఆలోచించాడు. ఈలోగా తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులకి చెరువులు తుడిచిపెట్టేసింది. ఈము పక్షుల కాలంలో షెడ్డు బొమ్మ గీశాడు. పక్షి మెడెత్తితే కప్పు ఎంత ఎత్తుండాలో తేలేలోపు ఈము వ్యాపారమే కుప్పకూలింది. దిగినవాళ్ళు మునిగారు, బాబాయి గట్టు మీదే ఉన్నాడు. అది బద్ధకం అనుకుంటే పొరపాటు. బద్ధకస్తుణ్ణి వెనకనించి ఒక్క తోపు తోసి పనిలోకి దించొచ్చు. ప్లాను వేసేవాణ్ణి దించలేం. ఆయన అప్పటికే పనిలో ఉన్నాడు.

గుహ ఓ మే నెల మధ్యాహ్నం పుట్టింది. కరెంటు పోయింది. ఇన్వర్టరు రెండు కూతలు కూసి ఆగిపోయింది. సెలవులకి దిగిన మనవలు మండువాలో క్రికెట్టు మొదలెట్టారు. అంతకు ముందు రాత్రే బాబాయి దశరథ్ మాంఝీ సినిమా చూసి ఉన్నాడు. బీహార్‌లో గయ వైపు గెహ్లోర్ అనే ఊరి కూలీ ఆయన. భార్య ఊరి పక్క కొండ మీద పడి దెబ్బ తిన్నదన్న దుఃఖంతో సుత్తీ ఉలీ పట్టుకుని 1960 నుంచి 1982 దాకా, 22 ఏళ్ళు కొట్టి, కొండ మధ్యనించి 360 అడుగుల పొడవున దారి తీశాడు.

"ఒక్క మనిషిరా! ఒక్క సుత్తి!" అన్నాడు బాబాయి, విసనకర్రతో తన వీపే తాను కొట్టుకుంటూ. "నేను దారి అడగట్లేదు. ఒక్క గది. రాతి లోపల వేసవిలో చల్లగా ఉంటుంది, చలికాలం వెచ్చగా ఉంటుంది. కరెంటుతో పనే లేదు."

పిన్ని వంటింట్లోంచే అందుకుంది. "ఆయన పెళ్ళాం కోసం తవ్వాడు. మీరు పెళ్ళాన్ని తప్పించుకోడానికి తవ్వుతానంటున్నారు. ఆ తేడా కొండకి తెలీదనుకున్నారా?"

బాబాయి ఇలాంటివి పట్టించుకోడు. నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పి, పైన శ్రీరామ చుట్టి, కింద "గుహ" అని రాసి గీత కొట్టాడు.

మొదటి చిక్కు కొండ. పాత పశ్చిమ గోదావరి జిల్లాలో కొండలకి లోటు లేదు. కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం పక్కన గుంటుపల్లి గుహలు మనవే అని చెప్పుకుని తిరిగాం. 2022 ఏప్రిల్లో జిల్లాలు పంచినప్పుడు మెట్టలో చాలాభాగం ఏలూరు వాటాకి పోయింది. మా భీమవరానికి కలెక్టరు దొరికారు, కొండలు పోయాయి. బాబాయి దీన్ని సొంత అన్నదమ్ముల పంపకంలో జరిగిన అన్యాయంలా ఇప్పటికీ చెబుతాడు.

రెండోది లెక్క. గది 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. అంటే 800 ఘనపుటడుగులు. ఇసుకా కంకరా కొనే లెక్కలో 8 యూనిట్లు. ఇసుకరాయి అనుకుంటే బరువు 50 టన్నుల పైమాట. తట్టకి 20 కిలోల చొప్పున ఎత్తి పోస్తే 2,600 తట్టలు. రాయి కొండలో ఉన్నప్పుడు 8 యూనిట్లే గానీ పగలగొట్టాక ఉబ్బి పన్నెండవుతుందని టీకొట్టు దగ్గర ఓ పాత కాంట్రాక్టరు చెప్పాడు. బాబాయి ఆ రాత్రి నిద్రపోలేదు. భయపడి కాదు, సంతోషం పట్టలేక. అంతవరకూ గుహకి ఒక్క పేజీయే సరిపోయింది. ఇప్పుడు "తీసిన రాయి ఎక్కడ పోయాలి" అని రెండో పేజీ వచ్చింది కదా.

"అంత యాతనెందుకండీ, పొక్లెయిన్ పెట్టించేయండి, సాయంత్రానికి అయిపోద్ది" అన్నారు టీకొట్టు సభ్యులు. మా ఊళ్ళో తవ్వడమంటే చెరువే. చెరువంటే పొక్లెయినే.

"పొక్లెయిన్‌తో చెరువవుతుందండీ, గుహవదు" అన్నాడు బాబాయి. ఆ మాట అన్న తీరు చూస్తే, ఈయన ఇప్పటికే రెండు మూడు గుహలు తవ్వి వచ్చాడేమో అనిపించింది. సభ్యులు "ఆయ్" అన్నారు. మా వైపు ఆ "ఆయ్"కి ఒప్పుకున్నామనీ అర్థమే, ఇక ఆపమనీ అర్థమే.

అధ్యయనం కోసం ముందు ఉండవల్లి వెళ్ళాం. కొండకి నాలుగంతస్తులు తొలిచారక్కడ. లోపల ఒకే రాతిలో చెక్కిన అనంతశయనుడు పొడుగ్గా పడుకుని ఉంటాడు. జనం దణ్ణం పెట్టుకుంటుంటే బాబాయి నా చెవిలో "చూశావా? గుహ దేనికో ఆయనకి తెలుసు" అన్నాడు.

తర్వాత తాడేపల్లిగూడెం, ద్వారకా తిరుమల మీదుగా గుంటుపల్లి. ఇక్కడ మాత్రం నేను కూడా కాసేపు మాట్లాడకుండా నిలబడ్డాను. క్రీస్తుకి ముందే, రెండు వేల ఏళ్ళ కిందట, బౌద్ధ భిక్షువులున్న కొండ ఇది. వానాకాలం ఊళ్ళు తిరక్కుండా ఒకచోట ఉండిపోవడానికి తొలిపించుకున్న గదులు ఒక వరస. పక్కన గుండ్రటి చైత్యం. తలెత్తి చూస్తే లోకప్పు నిండా రాతి వాసాలు, నడిమి నించి చుట్టూ దిగుతూ, గొడుగు లోపల ఊచల్లా. కర్రతో వేసే కప్పుని వాసంతో సహా రాతిలోకి దించేశారు. రాతికి వాసాలెందుకు? దానంతటది నిలబడగలదు. అయినా ఆ చెక్కినవాళ్ళకి ఇల్లంటే వాసాలుండాల్సిందే.

బాబాయి చాలాసేపు చూసి, "ఇది మన తాటాకు పాకేరా" అన్నాడు. నిజమే. చిన్నప్పుడు మా చేలో ధాన్యం కాపలాకి వేసిన పాకలో పడుకుని పైకి చూస్తే అచ్చం ఇలాగే ఉండేది. బాబాయి జీవితంలో అన్న మాటల్లో నేను కాదనలేనిది ఇదొక్కటే.

ఆ కొండకే పక్కన తవ్వుదామన్న ఆశ అక్కడే కొండెక్కింది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు తవ్వకం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. దాటి అవతలికెళితే అటవీ శాఖ ఉండొచ్చు, రాయి తీస్తే గనుల శాఖ ఎటూ ఉంటుంది. బాబాయి ఒక్కో శాఖకీ ఒక్కో పేజీ కేటాయించాడు.

తిరుగుదారిలో జీడిమామిడి తోట పక్కన ఓ ముసలాయన రాయి కొడుతూ కనబడ్డాడు. నెత్తిన తువ్వాలు, కాళ్ళ మధ్య బండ, చుట్టూ పలకలు. బాబాయి కారాపించి తన సంగతి మొత్తం చెప్పాడు. ముసలాయన చేతిలో సుత్తి దించి శ్రద్ధగా విన్నాడు.

"గుహలో ఏం పెడతారు బాబూ?"

"ఏం పెట్టను. ఖాళీగా ఉంచుతాను."

"మరి తీసిన రాయి?"

"పారబోస్తాను."

ముసలాయన కొంచెంసేపు ఆలోచించాడు. "మేం రాయి కోసం కొడితే గొయ్యి మిగుల్తాది. తమరు గొయ్యి కోసం కొట్టి రాయి పారబోస్తారన్నమాట."

ఎగతాళేమీ లేదు ఆ గొంతులో. ఆయన వృత్తిలో ఇది కొత్త కోణం, అర్థం చేసుకుంటున్నాడంతే. రాయికి పొర ఎటుందో చూసి కొట్టాలనీ, పొరకి ఎదురెళితే ఉలి విరుగుతుందనీ చెప్పాడు. ఉలి గంటగంటకీ మొద్దుబారుతుందట, కొలిమి పక్కనే ఉండాలట. అన్నిటికంటే కష్టం ఎదురుగా ఉన్న గోడని లోపలికి కొట్టుకుంటూ పోవడమేనట. కింద ఉన్న బండని కొడితే సుత్తి బరువు మనకి సాయం, గోడని కొడితే ఆ బరువు మనమే మోయాలి. పైగా లోపల దుమ్ము. "ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ బయటికి రాదు బాబూ" అన్నాడు. అంటూ రెండు సార్లు దగ్గాడు.

ఓ ఉలీ సుత్తీ ఇచ్చి, గట్టు పక్కన నిలువుగా ఉన్న ఇసుకరాయి చూపించాడు. బాబాయి చొక్కా చేతులు మడిచాడు. మొదటి దెబ్బ ఉలి మీద పడింది, రెండోది బొటనవేలి మీద. ఇరవై నిమిషాలు కొట్టాడు. నేను వాచీ చూశాను. ముసలాయన ఒక్కసారి కూడా నవ్వలేదు, అది ఆయన గొప్పతనం. చివరికి గోడలో అరచేయంత గంటు, కింద పావుకిలో పిండి, బాబాయి అరచేతిలో నీటిబొబ్బ. ఆ పిండిని కాగితంలో పొట్లం కట్టించుకున్నాడు, ప్రసాదంలా.

కార్లో వస్తూ లెక్క నేనే వేశాను. ఇరవై నిమిషాలకి పావుకిలో, రోజుకి నాలుగ్గంటలు కొడితే మూడు కిలోలు. 52 టన్నులకి 17,333 రోజులు. ఆదివారాలూ పండగలూ లేకుండా 47 ఏళ్ళ పైన. బాబాయికి 58.

"అంటే నూట అయిదో ఏట గుహప్రవేశం" అన్నాను.

బాబాయి చురుగ్గా తిరిగి, "ముహూర్తం తర్వాత చూద్దాం. ముందు చెయ్యి తిరగాలి. ప్రాక్టీసు లేకుండా కొండ మీదకి వెళ్ళడం నాదే తప్పు" అన్నాడు.

ప్రాక్టీసుకి భీమవరంలో రాయి ఏదీ? మర్నాడు పొద్దున్నే పెరట్లోంచి టంగు టంగు మని చప్పుడు. పిన్ని పరిగెత్తింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న రుబ్బురోలు ముందు బాబాయి బాసిపట్టు వేసుక్కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. రోలు లోపలంతా గంట్లు. పిన్ని నోరు తెరిచింది. మళ్ళీ మూసి, వంగి, వేలితో తడిమి చూసింది. పూర్వం వీధిలో అరుచుకుంటూ వచ్చి రోళ్ళకి కక్కు కొట్టేవాళ్ళు కనబడక ఎన్నాళ్ళో అయింది. అరిగి అద్దమైపోయిన రోలుకి పట్టు వచ్చింది.

వారం తిరక్కుండా పక్కింటి రోలు వచ్చింది, వెనకింటి సన్నికల్లు వచ్చింది. అందరివీ ఊరికే కొట్టిపెట్టాడు. ఒక్కోదానికీ తేదీ, పట్టిన సమయం, రాలిన పొడి బరువు నోటుబుక్కులో "అనుభవం" అన్న శీర్షిక కింద ఎక్కుతున్నాయి.

నిన్న మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. కొత్త కక్కు రోట్లో రుబ్బిన గోంగూర పచ్చడి. మొదటి ముద్దకే పళ్ళ కింద కరకరమంది. నేను పిన్ని వంక చూశాను, పిన్ని బాబాయి వంక చూసింది. బాబాయి నమలడం ఆపి, కళ్ళు మూసుకుని, నాలికతో ఆ రేణువుని ముందుపళ్ళ మీదకి తెచ్చి కొరికి చూశాడు.

"ఇసుకరాయి కాదు. నల్లగ్రానైటు" అని తేల్చి, ఎడంచేత్తో నోటుబుక్కు కోసం వెతుక్కున్నాడు.