ఒక సీసీ కెమెరా పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

తీగ మార్చ వలదు తిన్నగా నుండును
డబ్బ మార్చఁ జాలు డాబు పెరుగు
ముక్కు మొగము తెలియు మునిమాపు వేళలో
సూక్ష్మదృష్టి యొసఁగు సుమ్ము కొనుము

అవతారిక

ఈ పద్యానికి కర్త ఒక్కడు కాడు. మెడలో కార్డు, చేతిలో కరపత్రాల కట్ట, పొద్దుటి నుంచి నిలబడి వాచిన కాళ్లు, ఇవే అతని గుర్తులు. అతను చెప్పింది వచనమే: "కేబుల్ మార్చక్కర్లేదు సార్, డీవీఆర్ మారిస్తే చాలు, నైట్ కూడా ఫేస్ క్లియర్‌గా వచ్చేస్తుంది." సెక్యూరిటీ పరికరాల ప్రదర్శనలో ఏ స్టాల్ ముందు ఆగినా ఈ మాట వినిపిస్తుంది. ఇంతమంది నోట నలిగిన మాటకు ఆ మాత్రం గౌరవం దక్కాలని దాన్ని ఆటవెలదిలో కూర్చడమే వ్యాఖ్యాత చేసిన పని. గణాలూ యతీ సరిపోయాయి. తక్కిన లెక్కలు సరిపోయాయో లేదో కింద చూద్దాం.

ఈ వాఙ్మయానికి క్షేత్రాలు చాలా ఉన్నాయి. దుబాయిలో జనవరిలో ఇంటర్‌సెక్, లాస్ వెగాస్‌లో వసంతకాలంలో ఐఎస్‌సీ వెస్ట్. ఏళ్ల తరబడి బర్మింగ్‌హామ్‌లో సాగి 2014లో లండన్‌కు మారినది ఇఫ్‌సెక్. దాని భారతీయ శాఖ ఢిల్లీలో డిసెంబరు చలిలో కొలువు తీరుతూ వచ్చింది. ఊరేదైనా గర్భగుడి ఒకటే: పక్కపక్కన రెండు తెరలు. ఎడమ తెర మీద మసక బొమ్మ, కుడి తెర మీద కళ్లు చెదిరే బొమ్మ. కుడివైపు బొమ్మ ఏ మోడల్‌దో పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. ఎడమవైపు బొమ్మ ఏ కాలపు ఏ కెమెరాదో ఎవరూ రాయరు. శాలంతా పట్టపగలులా దీపాలు, కెమెరాకు రెండు గజాల దూరంలో మీరు, తెర మీద మీ కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కకు వస్తాయి. అక్కడ ముగ్ధులు కానివారు లేరు. అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శులైతే మరీను.

ఇక వ్యాఖ్య సంగతి. మెదక్ సీమలోని కొల్చారం మల్లినాథసూరి స్వస్థలం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి ఆయన కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆ మాట ఇవ్వడం ఈ వ్యాఖ్యాత వల్ల కాదు. ఈ మూలంలో ఉన్నదానికంటే లేనిదే ముఖ్యం.

పాఠభేదాలు

మొదటి పాదంలో "వలదు" అన్నచోట "వలయు" అని నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచే ఐపీ కెమెరాలవారి పాఠం. గణభంగం లేదు కానీ అర్థం తలకిందులైంది: తీగ మార్చి తీరాలి. రెండో పాదంలో "డబ్బ" అన్నచోట "డబ్బు" అని ట్రెజరర్ల పాఠం. ఇదీ ఛందస్సుకు సరిపోతుంది. బిల్లుకూ సరిపోతుంది.

ప్రతిపదార్థం

తీగ = కెమెరా నుంచి డీవీఆర్ దాకా గోడల వెంట పాకే కోయాక్సియల్ కేబుల్. అంగట్లో దీన్ని "త్రీ ప్లస్ వన్" అని అడగాలి. బొమ్మను మోసేది ఒకటి, కరెంటుకూ ఆడియోకూ సన్న వైర్లు మూడు.

మార్చ వలదు = మార్చనక్కర్లేదు. ఇది నిజమే. పద్యం మొత్తంలో తలూపి ఒప్పుకోదగిన మాట ఇదొక్కటే. ఒకప్పుడు హెచ్‌డీ బొమ్మ కావాలంటే ఐపీ కెమెరాలు పెట్టి నెట్‌వర్క్ కేబుల్ లాగాలి, లేదా టీవీ స్టూడియోల నుంచి వచ్చిన హెచ్‌డీ-ఎస్‌డీఐ పెట్టుకోవాలి. ఎస్‌డీఐ తీగ నాణ్యతలో మహా పట్టింపు గలది, దూరం పెరిగితే చేతులెత్తేస్తుంది. 2012లో చైనా కంపెనీ దహువా హెచ్‌డీసీవీఐ తెచ్చింది. ఆ వెనకే టీవీఐ, ఏహెచ్‌డీ వచ్చాయి. మూడింటి కిటుకూ ఒకటే: బొమ్మను అంకెలుగా మార్చకుండా, పాత అనలాగ్ పద్ధతిలోనే, మరింత వెడల్పైన తరంగంగా అదే తీగ మీద వందల మీటర్లు పంపడం. గోడలు పగలగొట్టే పని తప్పింది. మన ఊళ్లలో హెచ్‌డీ అంత వేగంగా పాకడానికి ఇదే కారణమని వ్యాఖ్యాత మతం.

ఇక్కడ సంప్రదాయభేదం ఉంది. కోయాక్సియల్ వారిది ద్వైతం: బొమ్మ వేరు, కరెంటు వేరు. ఐపీ వారిది అద్వైతం: ఒక్క నెట్‌వర్క్ కేబుల్లోనే రెండూ ప్రవహిస్తాయి. దీనికోసం 2003లో వచ్చిన పీఓఈ ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక్కో పోర్టు నుంచి 15.4 వాట్ల దాకా ఇస్తుంది. కాని అద్వైతానికి 100 మీటర్ల ఎల్లలున్నాయి. అది దాటితే మధ్యలో ఇంకో స్విచ్ పెట్టాలి. కొత్త భవనానికి అద్వైతం, పాత భవనానికి ద్వైతం మేలని మధ్యస్థులంటారు. నేనూ అంతే అంటాను.

తిన్నగా నుండును = బాగానే ఉంటుంది. ఎవరు చూశారు? పదేళ్లు మేడ మీద ఎండకు కాగిన తీగ, మధ్యలో చెట్టుకొమ్మ తెంపితే మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన అతుకు, తుప్పు పట్టిన బీఎన్‌సీ కనెక్టర్. పాత మసక బొమ్మకు ఇవి అడ్డు కాలేదు. హెచ్‌డీ తరంగం సుకుమారి. ఆ అతుకు దగ్గరే గీతలు పడుతుంది, రంగు పోగొట్టుకుంటుంది.

డబ్బ = డీవీఆర్, అంటే కెమెరాలు పంపే బొమ్మను రికార్డు చేసి దాచే పెట్టె. ఇప్పటి డబ్బాలు సీవీఐ, టీవీఐ, ఏహెచ్‌డీ, పాత అనలాగ్, ఐపీ అనే అయిదు మతాల కెమెరాలనూ చేర్చుకుంటాయి. మతసామరస్యం ఇంతగా నెలకొన్న చోటు మరొకటి చూపించండి.

మార్చఁ జాలు = మారిస్తే చాలు. ఇక్కడ అధ్యాహారం చేసుకోవాలి, అంటే కవి మింగిన పదాన్ని చదువరి తెచ్చుకోవాలి. ఆ పదం "కెమెరా". డబ్బా ఎంత కొత్తదైనా పాత 420 లైన్ల కెమెరా పాత బొమ్మే పంపుతుంది. కాబట్టి డబ్బా మార్చి, కెమెరాలన్నీ మార్చి, అని అన్వయించుకోవాలి. మింగిన పదం ఇంకొకటి ఉంది: పవర్ సప్లై. కొత్త కెమెరాల ఇన్‌ఫ్రారెడ్ దీపాలు చీకటి పడగానే వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి. సన్నని వైరు చివర, గేటు దగ్గరికి చేరేసరికి 12 వోల్టులు 12గా ఉండవు. పగలంతా భేషుగ్గా ఉన్న కెమెరా రాత్రి ఆగిపోతూ మళ్లీ మొదలవుతూ ఉంటుంది. దొంగలు రాత్రే వస్తారన్న సంగతి కవికి తెలియనిది కాదు.

డాబు పెరుగు = హోదా హెచ్చుతుంది. హోదాతో పాటు హార్డ్ డిస్క్ హెచ్చాలని వ్యంగ్యం. లెక్క ఇది. పాత డీవీఆర్ మహా అయితే 720×576 చుక్కల బొమ్మ రాసుకునేది. హెచ్‌డీ బొమ్మ 1920×1080. సరిగ్గా అయిదింతలు. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున ఒక హెచ్‌డీ కెమెరా రోజుకు 43 జీబీ తింటుంది. ఎనిమిది కెమెరాలు, 30 రోజులు అంటే 10 టీబీ పైమాటే. కొటేషన్లో రాసి ఉన్నది 1 టీబీ. అది మూడు రోజుల లోపే నిండి, మొదటి రోజును చెరిపేసి దాని మీదే రాసుకుపోతుంది. శుక్రవారం పోయిన సైకిలు సంగతి మంగళవారం తెలిసిందో, ఫుటేజ్ ఉండదు. కెమెరా మాత్రం ఉంటుంది, ఎర్రగా మెరుస్తూ.

30 అన్న అంకె నా కల్పన కాదు. ఒకేసారి 100 మంది గాని, రోజుకు 500 మంది గాని వచ్చిపోయే చోట్ల కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగు దాచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రత చట్టం చెబుతుంది. పోలీస్ స్టేషన్లకైతే సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో 18 నెలలు అంది, అంత దాచే పరికరాలు దొరక్కపోతే కనీసం ఏడాది. హెచ్.265 అనే కుదింపు వాడితే పైన చెప్పిన 10 టీబీ లెక్క దాదాపు సగమవుతుంది. స్టాల్లో అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి, ఎవరూ అడగరు.

ముక్కు మొగము తెలియు = మనిషిని ఆనవాలు పట్టవచ్చు. వ్యాఖ్యాతకు అసలు పేచీ ఈ పదంతోనే. కెమెరా వ్యవస్థల అంతర్జాతీయ ప్రమాణం 2014 కూర్పులో దీనికి కొలత ఇచ్చారు. ముఖం ఉన్నచోట మీటరు వెడల్పుకు ఎన్ని చుక్కలు పడ్డాయన్నదే ఆ కొలత. 25 పడితే ఎవరో ఉన్నారని తెలుస్తుంది. 125 పడితే తెలిసినవాడైతే పోల్చుకోవచ్చు. ముక్కూమొహం తెలియని వాణ్ని ఫలానా అని తేల్చడానికి 250 కావాలి. ఇప్పుడు భాగహారం చేయండి: హెచ్‌డీ బొమ్మ అడ్డంగా 1920 చుక్కలు. 250తో భాగిస్తే 7.68 మీటర్లు. అంతకంటే వెడల్పైన జాగాను చూపుతుంటే అది హెచ్‌డీ అయినా ముఖం చెప్పదు. 20 మీటర్ల పార్కింగ్ మొత్తాన్ని ఒక్క కెమెరాలో ఇరికిస్తే మీటరుకు 96. తెలిసినవాణ్ని పోల్చుకోవడానికీ చాలదు.

పైగా మనవాళ్లకు అంతా కనిపించాలన్న ఆశ. అందుకని 2.8 మిల్లీమీటర్ల లెన్సు కోరుకుంటారు. అది నూరు డిగ్రీల పైచిలుకు చూస్తుంది, ముఖం మాత్రం మూడు మీటర్లు దాటితే చేజారుతుంది. 6 మిల్లీమీటర్ల లెన్సు సగం కోణమే చూస్తుంది కానీ ఎనిమిది మీటర్ల దాకా మొహం పడుతుంది. ఈ రెండో లెన్సును అంటగట్టే సేల్స్‌మన్ దొరికితే అతన్ని వదలకండి. తెర మీద తక్కువ కనిపించే సరుకును అమ్మడానికి ధైర్యం కావాలి. ఇక కెమెరాను ఎవరూ ముట్టకూడదని రెండో అంతస్తు ఎత్తున బిగిస్తే దానికి కనబడేవి బట్టతలలు. ద్విచక్రవాహనం మీద వచ్చినవాడు చట్టాన్ని గౌరవించి హెల్మెట్ పెట్టుకుంటే, ఎన్ని మెగాపిక్సెళ్లున్నా అది హెల్మెట్ చిత్రపటమే.

మునిమాపు వేళలో = చీకటి పడేటప్పుడు, లక్షణచేత రాత్రంతా. అదే కొలత సెన్సర్‌లో చుక్కలు ఎక్కువ పెడితే ఒక్కో చుక్క వాటాకు వచ్చే వెలుతురు తగ్గుతుంది. అందుకే తొలి హెచ్‌డీ కెమెరాల్లో కొన్ని రాత్రి పూట పాత అనలాగ్ కెమెరాల కంటే గుడ్డివిగా ఉండేవి. ఇన్‌ఫ్రారెడ్ వెలిగిస్తే బొమ్మ నలుపు తెలుపవుతుంది. ఎర్ర చొక్కానా, పచ్చ చొక్కానా అన్న ప్రశ్నకు జవాబుండదు. నంబర్ ప్లేటు తెల్లగా పేలిపోతుంది. కెమెరా చుట్టూ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది. గూటి పోగు గాలికి ఊగినప్పుడల్లా మనిషి కదిలాడని ఫోన్‌కు అలర్టు వస్తుంది. గేటు దగ్గర ఒక ట్యూబ్‌లైటు వెలిగిస్తే వీటిలో సగం బాధలు తీరతాయని చెప్పే స్టాల్ ఏ ప్రదర్శనలోనూ లేదు. ట్యూబ్‌లైటు మీద మార్జిన్ తక్కువ కాబోలు.

సూక్ష్మదృష్టి = సినిమాల్లో పోలీసు అధికారి "జూమ్ చెయ్" అంటే వచ్చేది. పడని చుక్కను జూమ్ పుట్టించలేదు. ఉన్న చుక్కలనే ఇటుకలంత చేసి చూపిస్తుంది.

సుమ్ము = పాదపూరణకు. స్టాల్లో దీని బదులు "సార్" వాడతారు.

కొనుము = ప్రార్థనార్థకం. నెలాఖరు టార్గెట్ దగ్గరపడితే విధ్యర్థకం.

అలంకారాలు

కుడి తెరది అతిశయోక్తి. ఎడమ తెరది సందేహాలంకారం: వీడు దొంగా, పాలవాడా? సాలీడును మనిషని ఫోన్ మోగించడం భ్రాంతిమదలంకారానికి ఇకముందు చెప్పుకోదగిన ఉదాహరణ.

విశేషాంశాలు

కెమెరాను తీగతో తెరకు కట్టి దూరం నుంచి కాపలా కాసే పని 1942లో జర్మనీలోని పీనెముండేలో మొదలైంది. వీ-2 రాకెట్ పేలినా చూసేవాడు బతికుండాలని వాల్టర్ బ్రూక్ ఆ ఏర్పాటు చేశాడు. తర్వాత టెలిఫంకెన్‌లో మన దూరదర్శన్ వాడిన పాల్ రంగుల పద్ధతిని రూపొందించిందీ ఆయనే. అంటే పాత డీవీఆర్ చూపిన మసకలోనూ బ్రూక్ వారసత్వం ఉంది.

పాస్‌వర్డ్ గురించి మూలం మౌనం. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని డీవీఆర్‌లనూ కెమెరాలనూ లక్షలుగా లోబరచుకుని, అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను నిలువరించింది. ఇంటిని కాచేది పరాయిదేశం మీదికి దండెత్తింది. మనదేశంలోనూ 2024లో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ నిబంధనలు తెచ్చింది. పరీక్ష నెగ్గిన కెమెరాకు కూడా "అడ్మిన్, 12345" అని పెట్టే టెక్నీషియన్‌ను ఏ నిబంధనా ఆపలేదు.

గడియారం సంగతీ అంతే. డీవీఆర్ గడియారం తప్పుగా నడిస్తే, దొంగతనం జరిగిన గంటకు తెర మీద మధ్యాహ్నం కనిపిస్తుంది. కోర్టులో ఆ ఫుటేజ్ నిలవాలంటే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతపరచాలి. పెన్‌డ్రైవ్ ఒక్కటి ఇచ్చి రావడం చాలదు.

పూర్వపక్షం, సిద్ధాంతం

"కెమెరా ఉందని తెలిస్తే చాలు, దొంగ భయపడతాడు, ఇంత లెక్క దేనికి?" అని పూర్వపక్షం. భయపెట్టడమే పనైతే ఖాళీ డబ్బా చాలు, హెచ్‌డీ దండగ. ఫుటేజ్ కావాలంటే లెక్క తప్పదు.

కాబట్టి ప్రదర్శనకు వెళ్లేవారు వెళ్లండి, కుడి తెర చూసి ఆనందించండి. వెళ్లే ముందు మాత్రం మీ గేటు వెడల్పు టేపుతో కొలిచి చీటీ మీద రాసుకోండి. స్టాల్లో మెగాపిక్సెళ్లు అడగకండి. "ఈ వెడల్పులో, రాత్రి, మీటరుకు ఎన్ని చుక్కలు?" అని అడగండి. బిగించాక 30 రోజులు ఆగి, మొదటి రాత్రి ప్లేబ్యాక్ చూపించమనండి. చూపించాకే మిగతా సొమ్ము ఇవ్వండి.