మూడొందల వాక్యానికి నాదెండ్ల టీక

మూలం:

"మనోళ్ళు మూడొందలు కొడతారనుకుంటే ముడుచుక్కూచున్నారేందిరా!"

అవతారిక

నాదెండ్ల పేరుకు వ్యాఖ్యానాలు కొత్త కాదు. రాయలవారి కాలంలో కొండవీటిని ఏలిన నాదెండ్ల గోపమంత్రి, తిమ్మరుసు మేనల్లుడు, ప్రబోధచంద్రోదయ నాటకానికి చంద్రిక అని సంస్కృతంలో వ్యాఖ్య రాశాడు. కోటను కాచుకుంటూ, శిస్తులు వసూలు చేసుకుంటూ కూడా ఆయనకు అంత తీరిక దొరికింది. ఆ ఇంటిపేరే మా ఊరిపేరు. సాయంత్రం నుంచి టీ బంకు బల్ల మీద కూచునే నేను ఒక్క వాక్యానికైనా టీక రాయకపోతే ఊరికి అప్రతిష్ఠ. మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడట. నేను అటువంటి ఒట్లేవీ పెట్టుకోలేదు.

సందర్భం

2025 ఏప్రిల్ 3, రాత్రి. బిస్కెట్ల సీసాకు ఆనించిన ఫోన్లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్. కోల్‌కతా వాళ్ళు 200 కొట్టి పెట్టారు. హైదరాబాద్ సన్‌రైజర్స్ దిగారు. ఇద్దరు ఓపెనర్లూ, వాళ్ళ వెనక వచ్చినవాడూ స్కోరు 9 మీద ఉండగానే వెనక్కి వచ్చేశారు. మా బంకు దగ్గర ఒక మిర్చి రైతు ఉన్నాడు, కుర్రాళ్ళంతా బాబాయ్ అంటారు. ఆయన చేతిలో గ్లాసు మూతి దాకా వెళ్ళి ఆగింది. టీ మీద మీగడ కట్టింది. అది చిటికెన వేలితో తీసి పక్కన విదిలించి ఈ వాక్యం సెలవిచ్చాడు. ఆ తర్వాత జట్టు 120కి ఆలౌటైంది, 80 పరుగుల తేడాతో ఓడింది. బాబాయ్ అది చూడలేదు. మూలం పలికినవాడు ఫలశ్రుతి దాకా ఉండక్కర్లేదు కదా, ఇంటికెళ్ళి పడుకున్నాడు.

ప్రతిపదార్థం

మనోళ్ళు = మన వాళ్ళు. ఈ మాట దగ్గరే వ్యాఖ్యాతకు చెమట పడుతుంది. ఎవరు మనవాళ్ళు? హెడ్డుది అడిలైడ్. కమిన్స్‌ది సిడ్నీ. క్లాసెన్ దక్షిణాఫ్రికావాడు. అభిషేక్ శర్మది అమృత్‌సర్, ఇషాన్ కిషన్ పట్నాలో పుట్టి జార్ఖండ్‌కు ఆడేవాడు. జట్టు సొంతదారులు చెన్నైవాళ్ళు. వాచ్యార్థం పట్టుకుని వెతికితే విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఒక్కడు దొరుకుతాడు. హైదరాబాదులో పుట్టి పెరిగిన సిరాజ్ మూడు రోజుల తర్వాత ఉప్పల్‌కు గుజరాత్ చొక్కాతో వచ్చి, 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసుకుపోయాడు. అంటే మనోడే మనోళ్ళను పడగొట్టాడు. వాచ్యార్థం బాధితమైనప్పుడు లక్షణ చేయాలని శాస్త్రం. గంగ మీద పల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని ఎలా తీసుకుంటామో, మనోళ్ళు అంటే మనం ఆశ పెట్టుకున్న వాళ్ళు అని తీసుకోవాలి. ఇందులో ఊరు లేదు, భాష లేదు, ఉన్నది ఆశ ఒక్కటే. గెలిచిన రాత్రి 'మనోళ్ళు', ఓడిన రాత్రి 'ఈళ్ళు' అని బంకు దగ్గర సర్వనామం మారుతుంది. బాబాయ్ ఓటమిలో కూడా 'మనోళ్ళు' అన్నాడు. గమనించాలి. ఇది ఆయన సంస్కారం.

మూడొందలు = మూడు వందల పరుగులు, ఇరవై ఓవర్లలో. ఐపీఎల్‌లో అప్పటికి ఎవరూ కొట్టనివి. మరి లేనిదాన్ని ఎందుకు కోరాడు? పూర్వకథ చెప్పాలి. 2024 మార్చిలో ఈ జట్టు ముంబై మీద 277 కొట్టింది. ఏప్రిల్‌లో బెంగళూరు మీద 287. ఢిల్లీ మీద మొదటి ఆరు ఓవర్లలోనే వికెట్ పడకుండా 125. మేలో లక్నో ఇచ్చిన 166 లక్ష్యాన్ని 9.4 ఓవర్లలో ఊదేసింది. 2025లో మొదటి ఆటలోనే రాజస్థాన్ మీద 286. ఇషాన్ కిషన్ దిగిన మొదటిరోజే అజేయంగా 106. ఇక లెక్క ఎవరికి రాదు? 287కి 13 కలిపితే మూడొందలు. కూడికే కదా. ఇంతకుముందు ఈ జట్టుకే బౌలింగ్ నేర్పిన డేల్ స్టెయిన్ అంతటివాడు ఏప్రిల్ 17న మొదటి మూడొందలు చూస్తామని తేదీతో సహా జోస్యం చెప్పాడు. ఆ రోజు వాంఖెడేలో సన్‌రైజర్స్ కొట్టినవి 162, ఓడారు కూడా. స్టెయిన్ గారు బంతి వేస్తే స్టంపులకు తగిలేది. పంచాంగం వేరే విద్య.

కొడతారు + అనుకుంటే = ఇక్కడ సంధి విడదీయకపోతే కొంప మునుగుతుంది. కొడతారు అన్న క్రియకు కర్త ఆటగాళ్ళు. అనుకుంటే అన్న క్రియకు కర్త బాబాయ్. రెండు క్రియలు, ఇద్దరు కర్తలు. సంధి చేసి ఒకే ఊపిరిలో పలకడం వల్ల అనుకున్న బరువు కూడా కొట్టేవాడి నెత్తినే పడింది. ఆటగాడు బ్యాటు ఒక్కటే మోస్తున్నాననుకుంటాడు. ఈ సంధిలో చేరిన ఊళ్ళన్నీ వాడి భుజాన ఉన్న సంగతి వాడికి తెలియదు.

ఈ 'అనుకుంటే' గురించి మిర్చి రైతుకు నేను చెప్పేదేముంది? 2023-24లో క్వింటాలు ఇరవై వేలు దాటిన ధర చూసి, అదే లెక్కన మరుసటేడు కౌలు పెంచి, అప్పు పెంచి మిర్చి వేశారు. 2025 ఫిబ్రవరికి మార్కెట్ జోక్యం కింద కేంద్రం 11,781 రూపాయలు ప్రకటించాల్సిన గతి పట్టింది. పంట నాణ్యం తగ్గలేదు, రైతు చెయ్యి వాటం మారలేదు. నేల మీద ఉన్న చూపు శిఖరం మీదికి పోయి అక్కడే ఉండిపోయింది, అంతే. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు దొర 1886లో తల్లిదండ్రుల ఎత్తులూ పిల్లల ఎత్తులూ కొలిచి, మరీ పొడుగు తల్లిదండ్రుల పిల్లలు సగటున వాళ్ళకంటే కాస్త పొట్టిగా, జనం సగటు వైపు జరిగి ఉంటారని తేల్చాడు. ఎత్తయిన ఏడాది తర్వాత వచ్చే ఏడాదికీ ఇదే వర్తిస్తుంది. ఎందుకంటే ఆ ఎత్తులో కొంత నేర్పు, కొంత అదృష్టం. నేర్పు ఇంట్లోనే ఉంటుంది. అదృష్టం చుట్టపుచూపుకు వచ్చింది, పోయింది.

ఈ ఆశ మన దగ్గరే కాదు. అమెరికాలో బేస్‌బాల్ అని ఒక ఆట ఉంది. అక్కడ స్థిరపడ్డ పల్నాటి కుటుంబాల పిల్లలు కొందరు ఆడతారట, పెద్దవాళ్ళు మాత్రం 'మన క్రికెట్టే, కాకపోతే గుండ్రంగా పరిగెత్తాలి' అని సరిపెట్టుకుంటారు. ఆ ఆటలో పదిసార్లు బ్యాటు పట్టి మూడుసార్లు సరిగ్గా కొట్టినవాడు మేటి. ఏడుసార్లు విఫలం కావడం మేటి లక్షణాల్లోనే చేరింది. నలభై శాతం దాటి సీజన్ ముగించడం మహా అరుదు, టెడ్ విలియమ్స్ 1941లో దాటాడు. సియాటిల్ జట్టు 2001లో 162 ఆటల్లో 116 గెలిచి, తీరా పై అంచెలో న్యూయార్క్ యాంకీస్ చేతిలో నాలుగు ఆటలు ఓడి ఇంటికి పోయింది. వేల కొద్దీ ఆటలకు లెక్కలు రాసుకున్న ఆ దేశంలో కూడా ప్రతి వసంతంలో అభిమాని ఈసారి మనదే అనుకుంటాడు. లెక్కలు చేతిలో ఉన్నంత మాత్రాన ఆశ మానదు, బాబాయ్ ఒంటరివాడు కాడు.

ముడుచుక్కూచున్నారు = ముడుచుకొని కూచున్నారు. అత్తిపత్తి ఆకు లాగా అని ఉపమానం అధ్యాహారం. ఇంత విరుచుకుపడేవాళ్ళు ఎందుకు ముడుచుకున్నారు అనే ప్రశ్నకు పూర్వపక్షాలు బంకు దగ్గర కొల్లలు.

పూర్వపక్షం

డబ్బు బలిసింది అని ఒకరు. కమిన్స్‌కు 18 కోట్లు, ఇషాన్‌కు 11.25 కోట్లు. నిజమే గాని, అదే డబ్బుతోనే కదా మార్చి 23న 286 కొట్టారు? కారణం మారకుండా కార్యం మారింది, కాబట్టి హేతువు చెల్లదు. ఫిక్సింగు అని ఇంకొకరు. ఈ వాదం పల్నాడులో చాలా పాతది. కోడిపందెంలో ఓడి బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్ళు మాచర్ల విడిచిపోయింది. నాగమ్మ మంత్రం వేయించిందని ఇప్పటికీ చెప్పుకుంటాం. కోడికి ఆ రోజు ఒంట్లో బాగా లేదేమో అని ఒక్కరూ అనరు.

బయటి పిచ్‌లని మూడో వాదం. కొంత వరకు ఒప్పుకుంటా. కానీ మార్చి 27న లక్నో చేతిలో ఓడింది ఉప్పల్‌లోనే. 30న స్టార్క్ ఐదు వికెట్లు తీసి 163కి చాప చుట్టించింది విశాఖలో. రెండూ మన గడ్డలే.

సిద్ధాంతం

పదెకరాలూ మిర్చే వేసినవాడికీ, నాలుగు మిర్చి, నాలుగు పత్తి, రెండు కంది వేసినవాడికీ తేడా ఏంటి? ధర ఉన్న ఏడు మొదటివాడు మేడ కడతాడు, లేని ఏడు అదే మేడ తాకట్టు పెడతాడు. రెండోవాడు ఎప్పుడూ మేడ కట్టడు, మునగడు. మొదటి బంతి నుంచి ప్రతి బంతినీ బౌండరీ దాటించాలని చూసే సన్‌రైజర్స్ పదెకరాల మిర్చి. బ్యాటు అంగుళం అటు పడితే సిక్సు, ఇటు పడితే డీప్‌లో క్యాచ్. ఒకే విత్తనానికి 287 కాసింది, 120 కూడా కాసింది. 2024 మే 26న చెపాక్ ఫైనల్లో 113కి ఆలౌటైందీ ఆ విత్తనానికే. ఆ రోజు కూడా ఎదుటివాళ్ళు కోల్‌కతావాళ్ళే. కాబట్టి మూలంలో 'మూడొందలు', 'ముడుచుకోవడం' పైకి విరుద్ధ పదాల్లా కనబడినా నిజానికి కవలలు. బాబాయ్‌కు తెలియకుండానే రెండింటికీ ఒకే 'మ' పెట్టాడు. ఇది ప్రతిభ కాక మరేమిటి!

అలంకారం

మకారం మళ్ళీ మళ్ళీ వచ్చింది కనుక వృత్త్యనుప్రాస. అర్థాలంకారం విషాదనం. కోరినదానికి విరుద్ధమైనది ఒళ్ళో పడితే అది విషాదనమని కువలయానందం. వత్తి ఎగదోయబోతే దీపమే ఆరిపోవడం అక్కడి ఉదాహరణ. అది రాసిన అప్పయ్యదీక్షితులు క్రికెట్ చూసి ఉంటే దీపం జోలికి పోయేవాడు కాదు.

ఏందిరా = ఏమిటిరా. కాకువు. జవాబు కోరని ప్రశ్న. 'రా' సంబోధన ఎవరికి అన్నది వివాదం. బంకు కుర్రాడికి అని కొందరు. వాడు ఆ సమయంలో గ్లాసులు కడుగుతున్నాడు, వినలేదు. తనను తానే పిలుచుకున్నాడని నా మతం.

పాఠాంతరం

గణపవరం మిల్లుల వైపు 'ముడుచుక్కూచున్నారు'కు బదులు మరో క్రియ వినబడుతుంది. అర్థపుష్టి ఎక్కువ. అచ్చుకు రాదు.

విశేషం

గుంటూరు వాళ్ళకు ఈ వాక్యం కొత్త కాదు. అంబటి రాయుడు 2004లో పందొమ్మిదేళ్ళలోపు భారత జట్టుకు కెప్టెన్, సచిన్ తర్వాత వీడే అన్నారు. 2019 ప్రపంచ కప్ జట్టులో చోటు రాలేదు. కాదన్న సెలెక్టర్ల పెద్ద ఎమ్మెస్కే ప్రసాద్, ఆయనదీ గుంటూరే. బదులుగా తీసుకున్న విజయ్ శంకర్‌లో మూడు కోణాలున్నాయని ప్రసాద్ చెబితే, ప్రపంచ కప్ చూడ్డానికి త్రీడీ కళ్ళజోడు ఆర్డర్ చేశానని రాయుడు ట్వీటేశాడు. గుంటూరు కారం అంటే అది. ఇప్పుడు రాయుడు ఆశించినంత ఆడాడా? 55 వన్డేలు, సగటు 47. ముంబైతో మూడు, చెన్నైతో మూడు, మొత్తం ఆరు ఐపీఎల్ కప్పులు. సచిన్ కొలబద్దతో చూస్తే తక్కువ. ఏ కొలబద్దా లేకుండా స్కోరుబోర్డు ఒక్కటే చూస్తే, ఏ తండ్రికైనా కొడుకు అంత ఆడితే చాలు. నా తీర్పు అడిగితే కొలబద్దదే తప్పంటాను.

ఇంకొకటి. 2008లో దక్కన్ చార్జర్స్ అని మనకే ఒక జట్టు ఉండేది. లక్ష్మణ్, గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రీది, రోహిత్ శర్మ. కాగితం మీద దిక్పాలకుల సభ. పద్నాలుగింట రెండు గెలిచి అట్టడుగున కూచుంది. మరుసటేడు ఎవరూ ఏమీ అనుకోలేదు. దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో దాదాపు ఆ మనుషులే బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి కప్పు తెచ్చారు. ఆ ఫైనల్ రోజు బాబాయ్ పొలంలో ఉన్నాడు, చూడనేలేదు. చూడలేదు కాబట్టే గెలిచారని ఆయన నమ్మకం. దీన్ని ఖండించే ప్రమాణం నా దగ్గర లేదు.

తాత్పర్యం: టీ చల్లారింది.

అనుబంధం

ఏప్రిల్ 12న పంజాబ్ పెట్టిన 246 లక్ష్యాన్ని సన్‌రైజర్స్ కొట్టేశారు. అభిషేక్ 55 బంతుల్లో 141. "నేను ముందే జెప్పలా" అన్నాడు బాబాయ్. ఏం చెప్పాడో మాకెవరికీ గుర్తు లేదు. మే 25న, అప్పటికే పోటీలోంచి బయటపడ్డాక, అదే కోల్‌కతా మీద 278 కొట్టారు. క్లాసెన్ 39 బంతుల్లో 105. ఏ ఆశా లేని రాత్రి అది. పద్నాలుగు ఆటల్లో ఆరు గెలిచి, ఏడు ఓడి, ఒకటి వానకు పోయి, ఆరో స్థానంలో సీజన్ ముగించారు.

ఆ రాత్రే బంకు దగ్గర వచ్చే ఏడు మూడొందలు ఖాయమని పందెం వేసుకున్నారు. పందెం ఒక అల్లం టీ. ఇంత టీక రాసిన నేను కూడా కొడతారనే వైపే కట్టాను.