కల్లెడ గ్రహణం

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడలో జీవాంజి యాదగిరి, ధనలక్ష్మి దంపతులకు ఆడపిల్ల పుట్టింది. తల చిన్నది. పెదవి, ముక్కు అందరి పిల్లల్లా లేవు. సూర్యగ్రహణం వేళ పుట్టిన పిల్ల అన్నారు. చూడవచ్చినవాళ్లు, చుట్టాల్లో కొందరు, పిచ్చిది అన్నారు, కోతి అన్నారు. అనాథాశ్రమంలో వేసి రమ్మని సలహా కూడా ఇచ్చారు. ఆ తల్లి ఇవన్నీ గుండెలో దాచుకుని, ఇరవై ఏళ్ల తర్వాత పత్రికలవాళ్లు ఇంటికి వచ్చినప్పుడు చెప్పారు. తోటి పిల్లలు ఏడిపిస్తే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చే కూతురికి తీపి అన్నం వండి పెట్టేదాన్నని, చేతిలో డబ్బులున్న రోజు కోడికూర వండేదాన్నని కూడా చెప్పారు.

గ్రహణం అనే మాట మన ఊళ్లలో ఎంత బరువైనదో తెలియనివాళ్లు లేరు. కడుపుతో ఉన్న మనిషి ఆ వేళ కత్తి పట్టకూడదు, కూరగాయ తరగకూడదు, కదలకుండా పడుకోవాలి. పెదవి చీలి పుట్టిన పిల్లలకు గ్రహణం మొర్రి అని పేరు పెట్టేశాం. నిజానికి పిండంలో పై పెదవి అతుక్కునేది నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య. చాలామంది ఆడవాళ్లకు తాము గర్భవతులమన్న సంగతి కూడా రూఢి కాని రోజులవి. అయినా బిడ్డలో ఏ తేడా కనిపించినా మొదటి ప్రశ్న తల్లికే వెళుతుంది: గ్రహణం నాడు ఏం చేశావు?

ఆ పిల్ల పేరు దీప్తి.

కల్లెడ బడిలో వ్యాయామం సారు ఆమె పరుగు చూశాడు. ఖమ్మంలో జరిగిన ఓ రాష్ట్రస్థాయి పోటీలో కోచ్ నాగపురి రమేశ్ చూశారు. హైదరాబాద్ పంపించండి, నేను తయారుచేస్తానన్నారు. పంపడానికి ఆ ఇంట్లో బస్సు కిరాయి లేదు. తాత చనిపోయాక ఉన్న కాస్త పొలం అమ్ముకున్న కుటుంబం అది. రోజు కూలి వందో నూటయాభయ్యో. ఎలాగో హైదరాబాద్ చేరింది. పుల్లెల గోపీచంద్ సలహాతో సికింద్రాబాద్‌లో పరీక్షలు చేయిస్తే మేధోపరమైన వైకల్యం ఉందని తేలింది. పారా క్రీడల్లో అది టీ20 విభాగం. అప్పటిదాకా ఊరు తిట్టుగా వాడిన దానికి వైద్యులు ఒక పేరు పెట్టారు. ఆ పేరుతోనే ఆమెకు ట్రాక్ మీద ఒక గీత దొరికింది.

2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో 400 మీటర్ల పరుగులో బంగారు పతకం. ఆ పతకానికి వచ్చిన బహుమతి డబ్బుతో, అమ్ముకున్న పొలాన్ని మళ్లీ కొన్నారు. నన్నడిగితే ఆమె గెలిచినవాటిలో అన్నిటికన్నా పెద్దది అదే. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లు, అప్పటికి ప్రపంచ రికార్డు. అదే ఏడాది సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. మొదటి స్థానానికీ ఆమెకూ మధ్య తేడా సెకనులో మూడింట రెండు వంతులు. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల జాగా ప్రకటించింది.

ఆ వారంలోనే హనుమకొండలో మా పెద్దబాపు ఇంటికి వెళ్లాను. ఆయన రిటైరైన తెలుగు పండితుడు. వాకిట్లో కుర్చీ, ఒళ్లో పేపరు, పేపర్లో దీప్తి ఫొటో.

“పిల్ల మంచిగ ఉరికింది, కాదంటలేను. కని అది వేరే లెక్క బిడ్డా. అసుంటోళ్లకు అసుంటోళ్లతోనే పోటీ పెడ్తరు. గట్లయితే ఎవలైనా గెలుస్తరు” అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. నాకు చదువు చెప్పిన మనిషి. అందుకే ఆ మాట ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. ట్రాక్ మారలేదు, 400 మీటర్లు తగ్గలేదు, గడియారం ఎవరికీ నెమ్మదిగా తిరగలేదు అని వాదించవచ్చు. కానీ పెద్దబాపు వాదనకు లొంగడు, కథకు లొంగుతాడు. ఒక అమెరికా కుర్రాడి కథ చెప్తా వినమన్నాను.

అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అని ఆడే ఆట మన ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా గుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని ఉరుకుతారు, గుద్దుకుంటారు, పడతారు. అందులో కాలితో పని ఒకరిద్దరికే. వాళ్లలో ఒకణ్ని ప్లేస్‌కిక్కర్ అంటారు. ఆట జరుగుతున్న మూడు గంటల్లో చాలాసేపు గట్టు మీదే కూర్చుంటాడు. ముందుకు పోయే దారి మూసుకుపోయినప్పుడు పిలుస్తారు. ఒకడు వెనక్కి బంతి విసురుతాడు, ఇంకొకడు దాన్ని నేల మీద నిలబెట్టి వేలితో పట్టుకుంటాడు, ఇతను పరుగున వచ్చి తన్నాలి. రెండు నిలువు స్తంభాల నడుమ నుంచి, అడ్డకమ్మీ పైనుంచి బంతి పోతే మూడు పాయింట్లు. బంతి వెనక్కి విసిరిన క్షణం నుంచి తన్నే దాకా సెకను, సెకనున్నర. తగిలితే భుజాల మీద మోస్తారు. తప్పితే ముసలితనం దాకా అదే గుర్తుచేస్తారు.

టామ్ డెంప్సీ అలాంటి కిక్కర్. 1947లో మిల్వాకీలో పుట్టాడు. కుడికాలికి వేళ్లు లేవు. కుడిచేతికి వేళ్లు లేవు. ఆ కుడికాలితోనే తన్నేవాడు. పేరున్న ఏ జట్టూ ఎంపికల్లో అతన్ని తీసుకోలేదు. శాన్ డియేగో జట్టులో సాధనకు మాత్రం పనికొచ్చే ఆటగాడిగా పెట్టుకున్నారు. అక్కడ ఆ మొండి పాదానికి సరిపడేలా ఒక బూటు కుట్టించారు. ముందు భాగం కోసినట్టు బల్లపరుపుగా ఉంటుంది, వేళ్లుండాల్సిన చోట ఏమీ లేదు కాబట్టి.

1969లో న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ జట్టులోకి వచ్చాడు. 1970 నవంబరు 8. అప్పటికి ఆ జట్టు ఓడడానికి అలవాటుపడిపోయింది. ఆ రోజు ఎదుట డెట్రాయిట్ లయన్స్. 17-16తో లయన్స్ ముందున్నారు, మిగిలింది 2 సెకన్లు. స్తంభాలు 63 గజాల దూరంలో ఉన్నాయి. మన లెక్కన 57 మీటర్ల పైమాట. అప్పటికి ఎవరూ తన్నిన అతి పెద్ద దూరం 56 గజాలు, అదీ పదిహేడేళ్ల కింద. డెంప్సీకి 23 ఏళ్లు. వచ్చి తన్నాడు. బంతి అడ్డకమ్మీని దాటింది. సెయింట్స్ 19-17తో గెలిచారు.

“భళా!” అన్నాడు పెద్దబాపు. పేపరు పక్కన పెట్టాడు.

“ఆ తర్వాత ఏమన్నరో తెలుసా పెద్దబాపు? బూటు వల్ల గెలిచిండన్నరు. ముందట బల్లపరుపుగ ఉంది కదా, సుత్తెతో కొట్టినట్టే, అందరికీ లేని లాభం అతనికుందన్నరు.”

“వేళ్లు లేకపోవుడు లాభమా!”

“1977ల నియమం పెట్టిన్రు. కృత్రిమ పాదంతోని తన్నేటోళ్ల బూటు కూడ మామూలు బూటు ఆకారంలనే ఉండాలె అని. ఇప్పటికీ దాన్ని టామ్ డెంప్సీ నియమం అంటరు.”

ఆ బూటు వల్ల లాభం లేదని తర్వాత ఎప్పుడో ఒక టీవీ కార్యక్రమం వాళ్లు లెక్కలు కట్టి చూపారు. బంతికి తగిలే చోటు చిన్నదైపోయి, గురి తప్పే వీలే ఎక్కువట. డెంప్సీ వాదనకు దిగలేదు. వేళ్లు లేని పాదంతో, రెండు సెకన్లు మిగిలినప్పుడు, 63 గజాలు మీరూ తన్ని చూడండి అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చేవాడు. మరుసటి సంవత్సరమే సెయింట్స్ అతన్ని వదులుకున్నారు. ఫిలడెల్ఫియాకు, తర్వాత ఇంకో మూడు జట్లకు ఆడుతూ 1979 దాకా సాగాడు. అతని 63 గజాలను 1998లో ఒకరు అందుకున్నారు గానీ దాటడానికి 2013 దాకా పట్టింది. 43 ఏళ్లు. అన్నేళ్లలో వచ్చిన వందలమంది కిక్కర్లకు పదేసి వేళ్లున్నాయి. 2020లో కరోనా సోకి డెంప్సీ చనిపోయాడు.

పెద్దబాపు చాలాసేపు ఫొటో వైపు చూశాడు. నాకు ఆయన మీద గౌరవం ఇందుకే. మాట వెనక్కి తీసుకోవడం తెలిసిన మనిషి.

“ఓడితే కాలు లేదనుడు, గెలిస్తే బూటుందనుడు. నేను గదే అన్నట్టున్న ఇందాక. తప్పు మాటే.” ఒక క్షణం ఆగి మళ్లీ అందుకున్నాడు. “కని బిడ్డా, గ్రహణం మాట మాత్రం కొట్టిపారెయ్యకు. తల్లే చెప్పింది కదా. గ్రహణ సమయంల పుట్టిన జీవానికి మొదట్ల కష్టాలు రాసిపెట్టి ఉంటయి. తర్వాత రాజయోగం. జాతకంల కనిపిస్తది. తారీఖు చెప్పు, సూపిస్త.”

ఫోన్లో చూసి చెప్పాను. “2003 సెప్టెంబరు 27. శనివారం.”

ఆయన దగ్గర ఏ ఏటి పంచాంగమైనా దొరుకుతుంది. చెక్కపెట్టెలో వరుసగా పేర్చి ఉంటాయి. చుట్టుపక్కల ఎవరి పిల్లల పెళ్లి కుదిరినా పుట్టిన రోజు నక్షత్రం కోసం ఈ వాకిలికే వస్తారు. స్వభాను నామ సంవత్సరం పంచాంగం తీశాడు. కళ్లజోడు సవరించుకుని పేజీలు తిప్పాడు. వేలు ఒకచోట ఆగింది. మళ్లీ వెనక్కి తిప్పాడు.

“అమావాస్య ముందటి రోజు పొద్దుగాలనే వెళ్లిపోయింది” అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

“సూర్యగ్రహణం అమావాస్య ఘడియల్లనే పడ్తది. వేరే దినం పడదు. శుక్రవారం పొద్దుగాల అమావాస్య అయిపోయింది. శనివారం గ్రహణం ఎట్లొస్తది?” ఇంకాసేపు చూశాడు. “బడిల తారీఖు తప్పు రాసిన్రేమో. అటూ ఇటూ సూద్దాం.”

ఈసారి నేను ఫోన్లో ఆ ఏటి గ్రహణాల పట్టిక తీశాను. 2003లో సూర్యగ్రహణాలు రెండే. మే 31న ఒకటి, అది స్కాట్లాండ్, ఐస్‌లాండ్ వైపు ఉంగరంలా కనిపించింది. నవంబరు 23న ఇంకొకటి, అది అంటార్కిటికా మీద. రెంటిలో ఏదీ వరంగల్ ఆకాశంలో నూలుపోగంత నీడ కూడా వేయలేదు.

“ఏడాది మొత్తంల లేదు” అన్నాడు పెద్దబాపు, పంచాంగం మూయకుండానే.

లోపల బియ్యం ఏరుతున్న పెద్దమ్మ ఇదంతా వింటూనే ఉంది. చాట పట్టుకుని గడప దాకా వచ్చింది.

“ఆయేడు దసరా ఎప్పుడు పడ్డది?”

“అక్టోబరు 5” అన్నాడు ఆయన.

పెద్దమ్మ వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టింది. రెండోసారి కూడా లెక్కపెట్టింది.

“అయితే అమావాస్యకు ఎంగిలిపూలు పేర్చి రెండు దినాలో మూడు దినాలో అయితది. గ్రహణం ఏడిది? ఊరంత బతుకమ్మ ఆడుకుంట, బతుకమ్మల పుట్టిన ఆడిబిడ్డను అనాథాశ్రమంల ఏసి రమ్మన్నరా!”